సందర్శకులు వస్తున్నారు, గమ్మునుండండి

చింతలమడుగు ఇంగ్లీషు సంభాషణ క్లబ్బులో ఎవరూ ఇంగ్లీషు మాట్లాడకుండా పోవడానికి కారణం నేను కాదు. నేను కన్వీనర్ని మాత్రమే. అది నిబంధనల ప్రకారం, ఒక్కో ఉత్తర్వుతో ఒక్కో మెట్టుగా, జిల్లా అంతటా ఒకేసారి జరిగింది.

ప్రతి పట్టణంలోనూ ఇలాంటి క్లబ్బు ఒకటి పెట్టి, జనానికి ఇంగ్లీషంటే ఉన్న బెరుకు పోగొట్టాలని పైనుంచి ఆదేశం వచ్చిన రోజున మా ఊరి కమ్యూనిటీ హాలు తాళంచెవి నా జేబులో ఉంది. స్కూలు వార్షికోత్సవానికి తీసుకుని తిరిగి ఇవ్వడం మర్చిపోయాను. తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్లే కన్వీనరని మున్సిపల్ ఆఫీసులో తేల్చేశారు. నేను సోషల్ టీచర్ని మహాప్రభో అన్నాను. ఇంగ్లీషు టీచరైతే తప్పులు దిద్దుతూ కూర్చుంటాడు, మీరైతే ఆ భయం లేదన్నారు.

నిజం చెప్పాలంటే మొదటి రోజులు బాగానే గడిచాయి. సాయంత్రం ఆరింటికి జనం వచ్చేవాళ్లు. కుర్చీలు గుండ్రంగా వేసుకునేవాళ్లం. అందరికంటే ముందు వచ్చేది చౌడప్ప. హైవే పక్కన బజ్జీల బండి ఆయనది. పై రాష్ట్రాల లారీ డ్రైవర్లు ఏదేదో అడుగుతుంటే జవాబు చెప్పలేక తల ఊపి ఊపి మెడ పట్టేసిందని క్లబ్బులో చేరాడు. వారం రోజులు కష్టపడి, "మై బజ్జీ ఈజ్ నాట్ ఓల్డ్" అనే వాక్యం సొంతంగా తయారు చేసుకున్నాడు. దాన్ని ఎక్కడైనా, ఎవరితోనైనా, ఏ వేగంతోనైనా అనగలడు.

రెండో మనిషి నాగవేణి. బస్టాండు వెనక ల్యాబులో రక్తం తీసే పని చేసేది. ఆ ల్యాబు నెలాఖరుకు మూసేస్తున్నారు. ఇంట్లో సంపాదించేది ఆ పిల్ల ఒక్కతే. బెంగళూరులో పెద్ద ఆసుపత్రికి దరఖాస్తు పెట్టింది. పని పరీక్ష నెగ్గింది. ఇక ఇంటర్వ్యూ మిగిలింది.

"అన్ని రాష్ట్రాల పేషెంట్లూ వస్తారంట సార్ ఆడికి. ఇంగ్లీషులో మాట్లాడితేనే ఉద్యోగమంట" అంది మొదటి రోజే. "నాకు చదవడమొస్తాది, రాయడమొస్తాది. నోరు తెరిస్తే మాత్రం గాలి వస్తాది గానీ మాట రాదు."

"ఎంత టైముంది?"

"నెలాఖరు సోమవారం."

చాలా టైముందన్నాను. రోజూ ఆమెను మధ్యలో కూర్చోబెట్టి తలా ఒక ప్రశ్న అడిగేవాళ్లం. మొదటి రోజు గాలే వచ్చింది. నాలుగో రోజు తన పేరు చెప్పింది. ఆ మరుసటి వారం, "మా ఊర్లో నీళ్లు ఉప్పగా ఉంటాయి" అన్న సంగతిని ఇంగ్లీషులో చెప్పి, తనే నమ్మలేనట్టు చుట్టూ చూసింది. చౌడప్ప చప్పట్లు కొట్టాడు.

"ఇంకేంది పాపా. నీళ్ల సంగతి చెప్పినావంటే ఆసుపత్రి సంగతి ఎంతసేపు" అన్నాడు.

సరిగ్గా అప్పుడు జిల్లా కేంద్రంలో సమీక్షా సమావేశం జరిగింది.

క్లబ్బుల్లో నిజంగా సంభాషణ జరుగుతోందని ఎలా తెలుసుకోవడం అన్నది ఆ సమావేశంలో ప్రశ్న. వెళ్లి వింటే తెలుస్తుందని ఒక కుర్ర కన్వీనర్ లేచి అన్నాడు. జిల్లా సంభాషణ సమన్వయాధికారి విద్యాధరరావు గారు కళ్లజోడు తీసి, అతనివైపు జాలిగా చూసి, మళ్లీ పెట్టుకున్నారు.

"వింటే అభిప్రాయం ఏర్పడుతుంది. అభిప్రాయం అనేది వ్యక్తిగతం. వ్యక్తిగతమైన దానికి మార్కులు వేసే అధికారం ఈ కార్యాలయానికి లేదు. కావున ఇకమీదట సందర్శనల ప్రాతిపదికన క్లబ్బుల పనితీరు మదింపు చేయబడుతుంది. ఎక్కువమంది పెద్దలు ఎందుకు వస్తారు? అక్కడ సంభాషణ బాగుంటేనే కదా వస్తారు. ఇట్టి తర్కాన్ని అందరూ గ్రహించగలరు."

గ్రహించగలిగాం. ఆ కుర్ర కన్వీనర్ కూడా కూర్చుని గ్రహించాడు.

సందర్శన అంటే ఏమిటో ఉత్తర్వులో వివరంగా ఉంది. సందర్శకుణ్ని గుమ్మం దగ్గర ఆహ్వానించాలి. జ్యోతి వెలిగించాలి. ప్రార్థనా గీతం పాడించాలి. శాలువా కప్పాలి. సందర్శకుడు సంభాషణ ప్రాముఖ్యం గురించి ప్రసంగించాలి. జ్ఞాపిక ఇవ్వాలి. వందన సమర్పణ చేయాలి. తర్వాత వీడ్కోలు చెప్పి, ఆయన వెళ్లిపోయాడని నిర్ధారించుకోవాలి. ఇవన్నీ జరిగితే ఒక మార్కు. మార్కుల్లో అట్టడుగున ఉన్న క్లబ్బులు రద్దు.

మొదటి సందర్శకుడు విద్యాధరరావు గారే. కుర్చీలు వరసలుగా మార్చాం. గుండ్రంగా వేస్తే ఎవరో ఒకరి వీపు అధికారివైపు ఉంటుంది. ఆయన గంటంబావు సేపు మాట్లాడారు. మనిషి మాట్లాడాలన్నారు. మాట్లాడకపోతే మనిషి మనిషే కాదన్నారు. నాగవేణి లేచి నిలబడింది.

"సర్, ఐ..."

"కూర్చోమ్మా, కూర్చో. సందేహాలన్నీ చివర్లో" అన్నారాయన. చివర్లో వందన సమర్పణ ఉంది. ఆ తర్వాత ఆయన కారుంది.

తర్వాత తహసీల్దారు గారు వచ్చారు. కరెంటు ఏఈ గారు వచ్చారు. బ్యాంకు మేనేజరు, మార్కెట్ యార్డు చైర్మన్, మాజీ చైర్మన్ వచ్చారు. మాజీ చైర్మన్ ఎక్కువసేపు మాట్లాడారు. రోజుకొకరు చాలక రోజుకు ఇద్దరిని పిలిచేవాణ్ని. హాలు బయట రెండో ఆయన శాలువా కోసం ఎదురుచూస్తుండగా లోపల మొదటి ఆయన ఇంకా మాట్లాడుతూ ఉండేవాడు. సభ్యులు గుసగుసలాడుకుంటే నేను వేలు పెదవుల మీద పెట్టుకుని, "సందర్శకులు వస్తున్నారు, గమ్మునుండండి" అనేవాణ్ని. కొన్నాళ్లకు నేను అనక్కర్లేకుండానే, హాల్లోకి అడుగుపెట్టగానే జనం నోళ్లు మూసుకోవడం నేర్చుకున్నారు. బెరుకు పోగొట్టే పథకం కదా. మాట్లాడే అవసరమే లేకపోవడంతో బెరుకు పూర్తిగా పోయింది.

పక్క ఊరి క్లబ్బు ముందుకు దూసుకెళ్లిందని తెలిసి నేను పశువుల డాక్టరు గారిని పట్టుకొచ్చాను. సంభాషణ ప్రాముఖ్యం గురించి తనకేమీ తెలియదన్నారాయన. తెలిసిందేదైనా ఇంగ్లీషులో చెప్పండి చాలన్నాను. గాలికుంటు వ్యాధి గురించి చెప్పారు. ఆ నెలలో మేము విన్న ప్రసంగాల్లో పనికొచ్చింది అదొక్కటే. ఇంటికి వెళ్లి చౌడప్ప తన గేదెకు టీకా వేయించాడు.

ఆ సాయంత్రం వందన సమర్పణ అయ్యాక నాగవేణి నన్ను మెట్ల దగ్గర ఆపింది.

"సార్, అందరూ పోయినారు కదా. ఇప్పుడు ఒక అర్ధగంట మాట్లాడుకుందాం సార్. వచ్చేవారమే ఇంటర్వ్యూ."

"కుదరదమ్మా. వందన సమర్పణ తర్వాత హాల్లో ఎవరైనా మాట్లాడితే అది సందర్శన లేని సమావేశం కింద లెక్క. మన మార్కుల సగటు పడిపోతుంది."

"సగటు పడిపోతే?"

"క్లబ్బు రద్దవుతుంది."

"రద్దయితే?"

"ఇంగ్లీషు మాట్లాడే అవకాశం పోతుంది."

"ఇప్పుడుండాదా సార్ అది?" అంది.

తాళం వేశాను. బజ్జీల బండి దగ్గర చౌడప్పతో ఏమైనా ప్రాక్టీసు చేసుకోమన్నాను. "చేసినా సార్. ఎంతసేపు మాట్లాడినా ఆయన బజ్జీ కాడికే వస్తాండాడు" అంది.

ఊళ్లో శాలువా కప్పించుకోని పెద్దమనిషి ఒక్కడూ మిగలని స్థితికి జిల్లా చేరుకున్నాక కొత్త ఉత్తర్వు వచ్చింది. దాని పేరు పరస్పర సందర్శనోత్సవం. ఆదివారం ఉదయం క్లబ్బులన్నీ ఏకకాలంలో బస్సుల్లో బయలుదేరి, తమకు కేటాయించిన క్లబ్బును సందర్శించాలి. ఒక్క రోజులో జిల్లా అంతా మార్కులే మార్కులు.

నాకో చిన్న అనుమానం వచ్చి విద్యాధరరావు గారికి ఫోన్ చేశాను.

"సార్, అందరూ ఒకేసారి బయలుదేరితే, అక్కడ మమ్మల్ని ఆహ్వానించడానికి ఎవరుంటారు?"

"రంగనాయకులు గారూ, మీరు ప్రస్తుతం సందర్శన విభాగంలో ఉన్నారు. ఆహ్వానం అనేది ఆతిథ్య విభాగం పరిధిలోని అంశం. ఒక విభాగం పనిలో మరొక విభాగం జోక్యం తగదు."

"ఆతిథ్య విభాగంలో ఎవరున్నారు సార్?"

"అందరూ."

మాకు కేటాయించింది వేపరాళ్ల. బెంగళూరు హైవే మీద ఊరు. నాగవేణి ఇంటర్వ్యూ మరుసటి పొద్దున్నే. ఆమెకు ఈ సంగతి చెప్పాను. మాతో బస్సులో వస్తే దారి పొడవునా అందరం ఆమెతో ఇంగ్లీషు మాట్లాడతాం, వేపరాళ్లలో బెంగళూరు బస్సు ఎక్కిస్తాం అన్నాను.

"బస్సులో సందర్శకులుండరు కదా సార్?" అని గట్టిగా అడిగింది.

"బస్సులో ఎవరూ ఉండరు."

బ్యాగు సర్దుకుని, వాళ్లమ్మ కట్టిచ్చిన రాగిరొట్టెల పొట్లంతో ఆదివారం పొద్దున వచ్చి వెనక సీట్లో కూర్చుంది. నేను మర్చిపోయిన విషయం ఒకటుంది. ఈసారి సందర్శకులం మేమే. సందర్శకులు ప్రసంగించాలి. బస్సు ఊరు దాటకముందే ప్రతి మనిషీ ఎవరి ప్రసంగం వాళ్లు బట్టీ పట్టడం మొదలుపెట్టారు. సంభాషణ ప్రాముఖ్యం గురించి బస్సు నిండా ఎవరికి వాళ్లు మాట్లాడుకుంటుంటే నాగవేణి కిటికీ అద్దంతో మాట్లాడుకుంది.

వేపరాళ్ల క్లబ్బుకు తాళం వేసి ఉంది. అరుగు మీద వాచ్‌మన్ ఒకాయన బీడీ కాలుస్తున్నాడు.

"క్లబ్బు వాళ్లెక్కడ?" అన్నాను.

"పెద్దచౌటూరు పోయినారు సార్, చూసి వస్తామని. పొద్దున్నే పోయినారు. మీరు రెండో బస్సు. ఇందాకే ఇంకో ఊరోళ్లు వచ్చి ఆ తాళానికి దండేసి పోయినారు."

తాళానికి నిజంగానే బంతిపూల దండ ఉంది. మా వాళ్లు శాలువా తీశారు. ఆగమని విద్యాధరరావు గారికి ఫోన్ చేశాను.

"తాళానికి సత్కారం చెల్లదు" అన్నారాయన. "ఆతిథ్య క్లబ్బు సభ్యుల సమక్షంలో జరిగినదే సందర్శన. వాళ్లు ఎక్కడుంటే అక్కడికి వెళ్లి, క్షేత్రస్థాయిలో సందర్శించండి."

"వాళ్లు బస్సులో ఉన్నారు సార్."

"అయితే బస్సును సందర్శించండి."

దిగిపోతానంది నాగవేణి. వాచ్‌మన్ తల అడ్డంగా ఊపాడు. "బెంగళూరు బస్సులు ఊర్లోకి రావు పాపా. టోల్‌గేటు కాడ చెయ్యెత్తితే ఆపుతాడు." ముందు ఒక్క సందర్శన ముగించుకుని టోల్‌గేటు దగ్గరే దించుతామని మాటిచ్చి, ఆమెను మళ్లీ ఎక్కించుకున్నాం.

ఇక అక్కడి నుంచి వేట. పెద్దచౌటూరు వెళ్లాం. వేపరాళ్ల వాళ్లు అప్పటికే అక్కడ తాళాన్ని చూసి, పెద్దచౌటూరు వాళ్ల కోసం వెళ్లిపోయారు. పెద్దచౌటూరు వాళ్లు మా ఊరికి వెళ్లారు. మా హాలు తాళంచెవి నా జేబులో ఉంది కాబట్టి వాళ్లు నా కోసం బయలుదేరారు. ఒక మలుపు దగ్గర ఎదురుగా వచ్చిన బస్సులో శాలువాలు పట్టుకున్న మనుషులు కిటికీల్లోంచి చేతులూపారు. మా డ్రైవరు బ్రేకు వేశాడు, వాళ్ల డ్రైవరూ వేశాడు. రెండు బస్సులూ ఒకేసారి వెనక్కి తిరిగి ఒకదాన్నొకటి తరుముకుంటూ వ్యతిరేక దిక్కుల్లోకి వెళ్లిపోయాయి.

మధ్యాహ్నానికి ప్రతి కన్వీనరుకీ ఒకే ఆలోచన వచ్చింది. జిల్లాలో ఎవరు ఎటు పోవాలన్నా టోల్‌గేటు దాటాలి. అక్కడ కాపు కాస్తే ఎవరో ఒకరు దొరుకుతారు. సాయంత్రానికి జిల్లాలోని క్లబ్బు బస్సులన్నీ టోల్‌గేటు పక్క ధాబా ముందు చేరాయి. ఏ బస్సు ఏ బస్సును సందర్శిస్తోందో తెలియకుండా అడ్డదిడ్డంగా నిలబడ్డాయి.

బెంగళూరు బస్సు వచ్చింది. నాగవేణి బ్యాగు భుజానేసుకుని రోడ్డు మీదికి పరుగెత్తి చెయ్యెత్తింది. ఆమె వెనక ఇంత జనాన్ని, ఇన్ని బస్సుల్ని, సత్కారానికి తెచ్చిన అరటి గెలల్ని, దండల్ని చూసి బస్సు డ్రైవరు ధర్నా అనుకున్నాడు. అవతలి లేన్లోకి మళ్లి, హారన్ మీద చెయ్యి తియ్యకుండా వెళ్లిపోయాడు. టోల్‌గేటు మనిషి ఆ పూటకు అదే ఆఖరి బస్సని చెప్పాడు.

నాగవేణి ఏడవలేదు. నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, నేను మీ మాట విన్యా" అంది. అంతే అంది.

చౌడప్ప చెప్పుల వైపు చూసుకున్నాడు. నేను టోల్‌గేటు వైపు చూశాను.

ఇంతలో విద్యాధరరావు గారి కారు వచ్చింది. ఆయన దిగి, చుట్టూ చూసి, కళ్లు తుడుచుకున్నారు. "అందరూ అందర్నీ సందర్శించారు. ఇది చరిత్రాత్మకం" అన్నారు. ధాబా మంచాలు జరిపించి వేదిక వేయించారు. మైకు వచ్చింది. జ్యోతి వచ్చింది. ఫోటోలో అన్ని క్లబ్బుల బ్యానర్లూ పడాలి కాబట్టి ఏ బస్సూ అంగుళం కూడా కదలరాదని ప్రకటించారు.

అప్పుడు బస్సుల మధ్య నుంచి హారన్ వినబడింది.

ధాబాలో కాఫీ తాగడానికి ఆగిన కారు అది. కేరళ నంబరు. ముందు మా బస్సు, వెనక పెద్దచౌటూరు బస్సు, పక్కన అరటి గెల. యాభై ఏళ్ల ఆవిడ స్టీరింగు వదిలి దిగింది. వెనక సీటు నిండా మొక్కల కుండీలున్నాయి.

"హూజ్ బస్ ఈజ్ దిస్? ప్లీజ్ మూవ్ ఇట్" అంది.

జిల్లాలో ఇంగ్లీషు నేర్చుకుంటున్న ప్రతి మనిషీ ఆ ఆవరణలోనే ఉన్నాడు. ప్రతి మనిషీ పక్క మనిషి వెనక్కి జరిగాడు. అలా జరుగుతూ జరుగుతూ వెనక వరస ధాబా వంటింట్లోకి వెళ్లిపోయింది. చౌడప్ప ధైర్యం చేసి నోరు తెరిచాడు. బజ్జీ ప్రస్తావన ఇక్కడ కుదరదని తోచి మూసేశాడు.

జనం వెనక్కి పోగా మిగిలిన ఖాళీలో నాగవేణి ఒక్కతే నిలబడి ఉంది. ఆమె కారు ముందుభాగం ఎటు తిరిగి ఉందో చూసింది.

"మేడమ్" అంది. గొంతులో గాలి. మళ్లీ మొదలుపెట్టింది. "మేడమ్. వేర్ యు గో?"

"బెంగళూరు. ఇఫ్ యువర్ పీపుల్ లెట్ మి."

"ఐ ఆల్సో. మై బస్ గాన్. టుమారో ఇంటర్వ్యూ. బిగ్ హాస్పిటల్."

"నర్స్?"

"నో మేడమ్. ఐ టేక్ బ్లడ్."

ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది.

"టెస్ట్, మేడమ్. టెస్ట్. స్మాల్ నీడిల్. నో పెయిన్" అంది నాగవేణి కంగారుగా, తన మోచేతి మీద వేలితో పొడిచి చూపిస్తూ. ఆవిడ నవ్వేసింది.

"ఓకే. యు గెట్ దిస్ బస్ మూవ్డ్, ఐ టేక్ యు టు బెంగళూరు."

ఆ తర్వాత కూడా వాళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ మొక్కలేమిటని ఈ పిల్ల అడిగింది. ఈ పిల్ల వాళ్లమ్మ ఏం చేస్తుందని ఆవిడ అడిగింది. నాగవేణి వాక్యాలు మధ్యలో విరిగిపోతున్నాయి. విరిగిన చోట చేతులు అడ్డం పెట్టి, ముక్కలు అతికించి ముందుకు పోతోంది. మా జనం ఒక్కొక్కరే వంటింట్లోంచి బయటికి వచ్చి, ఊపిరి బిగబట్టి వింటున్నారు.

వేదిక ముందు మనుషులు పలచబడడం విద్యాధరరావు గారు గమనించారు. నన్ను పిలిచారు.

"అక్కడేం జరుగుతోంది?"

"సంభాషణ సార్."

"ఏ భాషలో?"

"ఇంగ్లీషులో సార్."

ఆయన నిజంగానే అయోమయంలో పడ్డారు. "ఎందుకు?" అన్నారు.

బస్సు కదిలించమని అడిగితే ఈయన కదిలించరు. ఫోటో కాలేదు. నాగవేణి కారు పక్కన నిలబడి నా వైపే చూస్తోంది. పొద్దుట్నుంచీ ఆమెకు నేను చెప్పిన ఏ మాటా నిలబెట్టుకోలేదు.

"సార్, ఆవిడ పై రాష్ట్రం నుంచి వచ్చారు" అన్నాను. "అంతర్రాష్ట్ర సందర్శకురాలు."

విద్యాధరరావు గారి ముఖం జ్యోతికంటే ముందు వెలిగింది. శాలువా చేతిలోకి తీసుకుని తనే నడిచారు. ఆవిడ ఏమిటేమిటంటుండగానే కప్పేశారు. జ్ఞాపిక చేతిలో పెట్టారు. "ఇట్ గివ్స్ మి ఇమ్మెన్స్ ప్లెజర్" అని మొదలుపెట్టారు.

"సర్, ప్లీజ్ మూవ్ ద బస్."

"థాంక్యూ ఫర్ యువర్ కైండ్ వర్డ్స్" అని వంగి నమస్కారం చేసి, ప్రసంగం కొనసాగించారు.

ఊపిరి తీసుకోవడానికి ఆయన ఆగిన చోట నేను చెవి దగ్గరికి వంగాను.

"సార్, ఒక చిన్న సాంకేతిక సమస్య. సందర్శకులు వెళ్లిపోయారని నిర్ధారించుకుంటేనే సందర్శన పూర్తయినట్టు. ఆవిడ కారు బస్సుల మధ్య ఇరుక్కుంది. ఆవిడ వెళ్లలేకపోతే ఇది సందర్శన కాదు సార్. నివాసం కిందికి వస్తుంది."

"నివాసమా?"

"నివాసానికి మార్కుల్లేవు సార్."

జిల్లా చరిత్రలో అంత వేగంగా బస్సులు కదలడం ఎవరూ చూసి ఉండరు. విద్యాధరరావు గారు స్వయంగా చేతులూపుతూ, వెనక్కి, ఇంకా వెనక్కి, ఎడమకి అంటూ దారి చేశారు. ఈలోగా చౌడప్ప నాగవేణి బ్యాగు కార్లో పెట్టి, ఆమె ఒళ్లో పట్టేలా ఒక కుండీ సర్దాడు.

"భయపడొద్దు పాపా. నోట్లో మాటుండాది ఇప్పుడు" అన్నాడు.

"నువ్వు మెడ జాగ్రత్త చౌడప్పన్నా" అంది నాగవేణి.

కారు కనుమరుగయ్యేదాకా విద్యాధరరావు గారు నిర్ధారించుకుంటూ నిలబడ్డారు.

సోమవారం సాయంత్రం ఫోన్ వచ్చింది. గొంతు బొంగురుపోయి ఉంది. నేను జలుబా అన్నాను.

"కాదు సార్. నిద్ర రాకుండా మాట్లాడుతానే ఉండమనింది ఆ మేడమ్. బెంగళూరు దాకా మాట్లాడినా. మొక్కల సంగతి, మా యమ్మ సంగతి, ఉప్పునీళ్ల సంగతి, గాలికుంటు సంగతి కూడా చెప్పినా. ఇంటర్వ్యూలో ఒకటడిగితే ఇంక ఆగితే కదా సార్. అడిగిన ఆయప్పే చాలమ్మా చాలు అన్నాడు. ఒకటో తారీఖు చేరమన్నారు."

ఆ రాత్రి చౌడప్ప క్లబ్బు మొత్తానికి బజ్జీలు ఊరికే పెట్టాడు.

అంతర్రాష్ట్ర సందర్శన ఒక్క మా క్లబ్బుకే దక్కడంతో జిల్లాలో ప్రథమ స్థానం మాదే అయింది. మా సభ్యురాలికి బెంగళూరులో ఉద్యోగం వచ్చిందన్న కబురు విద్యాధరరావు గారి చెవిన పడింది. అంతకుముందెన్నడూ ఏ క్లబ్బు సభ్యుడికీ ఏమీ జరగలేదు. ఆయన ఉప్పొంగిపోయారు. "లబ్ధిదారురాలిని ఆమె పని చేసే చోటే సందర్శించాలి" అన్నారు. శాలువా, జ్యోతి, జ్ఞాపిక, ఫోటోగ్రాఫరు, క్లబ్బు సభ్యులం అందరం ఒక శనివారం పొద్దున బెంగళూరు ఆసుపత్రిలో దిగాం.

గుమ్మం దగ్గరే సెక్యూరిటీ మనిషి ఆపాడు. విజిటర్లకు సాయంత్రం నాలుగు తర్వాతే అనుమతి, అదీ పేషెంటుకు ఒక్కరే, నూనె దీపం లోపలికి వీల్లేదు అన్నాడు. విద్యాధరరావు గారు తానెవరో చెప్పారు. చెప్పి, ఆ మనిషి ముఖంలో ఏ మార్పూ రాకపోవడంతో మళ్లీ చెప్పారు.

"పేషెంట్లయితే ఇప్పుడు కూడా లోపలికి పోవచ్చా?" అని అడిగాను నేను.

పోవచ్చన్నాడు. షుగరు పరీక్షకు టోకెన్లు తీసుకుని వెళ్లాం.

అద్దాల గది. నీలం యూనిఫాంలో నాగవేణి. ఒక్కొక్కరినే పిలుస్తోంది. విద్యాధరరావు గారి నంబరు వచ్చింది. ఆయన వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. మేము తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాం. ఆమె ఆయనను గుర్తుపట్టింది. నవ్వి నమస్కారం పెట్టింది. పెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచి, రబ్బరు పట్టీ కట్టింది.

"ఇట్ గివ్స్ మి..." అన్నారాయన. సూది కనబడింది. మిగతాది రాలేదు.

"డోంట్ లుక్ హియర్, సర్. లుక్ ఎట్ మి. హౌ మెనీ చిల్డ్రన్?"

"టూ" అన్నారు విద్యాధరరావు గారు చిన్న గొంతుతో. "టూ డాటర్స్."

"వాట్ దే డూ?"

"వన్ ఈజ్ టీచర్. వన్... వన్ ఈజ్ నాట్ టాకింగ్ టు మి."

"ఓ. వై, సర్?"

ఆయన ఏదో చెప్పడం మొదలుపెట్టారు. మెల్లగా, ఆగి ఆగి. మాకు వినబడలేదు. ఆమె తల ఊపుతూ వింటోంది. రక్తం తీయడం ఎప్పుడో అయిపోయింది. ఆయన దూది అదిమిపట్టుకుని ఇంకా చెబుతున్నారు. ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తబోతే చౌడప్ప అతని మణికట్టు పట్టుకుని కిందికి దించాడు.

ఆయన బయటికి వచ్చాక బెంచీ మీద కూర్చున్నారు. లోపల్నుంచి నెక్స్ట్ అని వినబడింది. చౌడప్ప తలుపు తోసుకుని వెళ్లాడు. అతని తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు. మా క్లబ్బు మొత్తం ఎడమ చేతులు చాపుకుని వరసలో నిలబడింది. ఒక్కొక్కరు నాలుగైదు వాక్యాలు మాట్లాడి, దూది అదిమిపట్టుకుని ఎర్రబడ్డ ముఖంతో బయటికి వస్తున్నారు.

నా నంబరు ఇంకా రాలేదు. ఏం అడుగుతుందో తెలియదు కాబట్టి ఏం చెప్పాలో కూడా తెలియదు. చొక్కా చెయ్యి మాత్రం పైకి మడుచుకున్నాను.